ముందు సంవత్సరం

శ్రీవిద్య ఫ్రిజ్‌లోని దోసెపిండి డబ్బా మీద కూడా ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాస్తుంది. కోపమొస్తే మెడలోని బ్యాడ్జి తాడును వేలికి చుట్టుకుంటుంది. అమెరికాలోని అల్ఫారెట్టా ఊళ్లో ఓ ఆసుపత్రి డేటాబేస్‌ పని ఆమెది. పేషంట్లకు మెసేజీలు పంపే హైదరాబాదు టీమ్‌కి రోజు ముందు, అమెరికా వాళ్లకి నెల ముందు. అందుకే డేటాబేస్‌లోంచి వివరాలు లాగే ప్రతి క్వెరీలోనూ తేదీని తన వరసలోకి మార్చే లైనొకటి రాసేది.

"ఇక్కడ నెలే ముందమ్మా, ఆ లైన్‌ తీసెయ్‌" అన్నాడు ఆమె కంపెనీ మేనేజరు పద్మనాభం. వద్దని వాదించి వాదించి, చివరికి పళ్లు బిగించి తీసేసింది. 05/06ని హైదరాబాదు టీమ్‌ రోజు ముందనుకుని చదవడంతో, మే ఆరున గుండె పరీక్షకు రావలసిన ముసలివాళ్లకు జూన్‌ అయిదున రమ్మని మెసేజీలు వెళ్లాయి.

"ఆసుపత్రి వాళ్లతో కాల్‌లో నీ మిస్టేకేనని ఒప్పేసుకో తల్లీ. నీ వీసా ఎక్స్‌టెన్షన్‌ నా చేతుల్లోంచే వెళ్లాలి కదా" అన్నాడు పద్మనాభం, నవ్వుతూనే.

ఒకడి మాటకు ఇంకొకరి మెడ కోయడం ఎంత తేలిక! కాల్‌లో ఆసుపత్రి వాళ్లు తప్పెక్కడ జరిగిందని అడగ్గానే శ్రీవిద్య మ్యూట్‌ తీసింది.

"లైన్‌ తీసింది నేను. తీయమన్నది పద్మనాభంగారు."

చాట్‌లో ఆయన పేరు పక్కన, ఏదో టైప్‌ చేస్తున్నట్టు చుక్కలు ఆడుతున్నాయి. ఆమె అటు చూడకుండా, సరైన తేదీ చెప్పడానికి మొదటి పేషంటుకు ఫోన్‌ కలిపింది.