జవాబు తెమ్మన్న చీటీ

రెండు వేల మూడులో రోనాల్డ్ సారు అరకులో కంప్యూటర్ సెంటర్ పెట్టినప్పుడు, అక్కడ మొదటి మార్కు ఎవరిదని అడగాల్సిన పనే ఉండేది కాదు. మిషన్ బడి ఎలీయేజరు మాస్టారి కూతురు డాలీది. సండే స్కూల్లో వచనాలు అప్పజెప్పిన నాటి నుంచీ రెండో స్థానం అంటే ఏమిటో ఆ పిల్ల ఎరగదు. సెంటర్లో ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం ఒకటి ఉందని తెలిసిన రోజే, అది తనదేనని ఇంట్లో చెప్పేసింది కూడా.

అంతలో టైడా పైకొండ నుంచి గాయత్రి వచ్చి చేరింది.

ఒకరోజు సారు నెట్‌వర్క్ పాఠం చెబుతూ, "సమాచారం అందిందని అవతలి కంప్యూటర్ జవాబివ్వాలి. ఆ జవాబే దారిలో పోతే?" అని అడిగాడు. డాలీ లేచి, పుస్తకంలోని పేరా మొత్తం గడగడా అప్పజెప్పింది.

"బాగుంది. ఇప్పుడు అర్థం చెప్పు" అన్నాడు సారు. డాలీ మళ్ళీ అదే పేరా మొదలెట్టింది.

గాయత్రి లేచింది. "మా కొండ మీద ఉప్పు తెమ్మని కేకేత్తే అవతలోళ్ళు తిరిగి కేకెయ్యాలి సార్. ఆ కేక గాలికి పోతే మేం మళ్ళీ అరుత్తాం. అందుకే ఇది ఎన్నో కేకో ముందే సెప్తాం. ఒకటో కేకే రెండుసార్లు ఇనబడితే ఆళ్ళు ఒక్క ఉప్పు మూటే తెత్తారు. లేపోతే రెండు మోసుకొచ్చేత్తారు!"

"ప్యాకెట్లకు నంబర్లు వేసేది ఇందుకేనర్రా!" అని సారు బల్ల చరిచాడు.

డాలీకి ఒళ్ళు మండిపోయింది. కొండల మీద అరుచుకోవడం కూడా చదువేనా? ఆ తర్వాత గాయత్రి నవ్వినా తప్పే, కొత్త పెన్ను కొన్నా తప్పే.

సంత జరిగే శుక్రవారం సారు డాలీని పిలిచాడు. "బుధవారానికి పెట్టిన ఇంటర్వ్యూ సోమవారం పదింటికే మారింది. గాయత్రి ఇవాళ రాలేదు. ఎలాగైనా కబురందించమ్మా."

డాలీ అందించింది. ఎలాగంటే, టైడా జీపు నడిపే సోంబరు హారన్ మోగిస్తూ జనాన్ని ఎక్కించుకుంటున్నప్పుడు, "గాయత్రికి సోమవారం..." అని ఏదో గొణిగి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. చెప్పలేదని రేపు ఎవరూ అనలేరు. వినపడకపోతే అది తన తప్పా? శనివారమంతా హాయిగా చీర ఇస్త్రీ చేసుకుంది.

ఆదివారం చర్చి గేటు దగ్గర సోంబరు గాయత్రి రాసిన చీటీతో నిలబడి ఉన్నాడు. "అక్కా, సోమారం అన్న ముక్కే అందింది. సోమారం ఏటి? మళ్ళీ సెప్పు" అని ఉంది అందులో.

"జవాబు అట్టుకురమ్మంది ఆ గుంట. నువ్వియ్యకపోతే తనే బేగి దిగొచ్చేత్తాదంట" అన్నాడు సోంబరు.

డాలీ పెన్ను తీసింది. సోమవారం ఏమీ లేదని రాసెయ్యమని చెయ్యి లాగింది. చేతిరాత పట్టుబడుతుందన్న భయమొక్కటే ఆమె చేత నిజం రాయించింది.

మర్నాడు ఉద్యోగం గాయత్రికి వచ్చింది. బయటికొస్తూనే అందరి ముందూ డాలీ చేతులు పట్టుకుంది. "అక్క కబురెట్టకపోతే నానెక్కడ సార్! పోటీ అని కూడా సూసుకోలేదు."

"ఇలాంటి మనసు ఎందరికుంటుంది!" అన్నాడు సారు. డాలీ తల దించుకుంది. నవ్వక తప్పలేదు.

తర్వాత డాలీ సెంటర్ పక్కనే జిరాక్స్ షాపు పెట్టుకుంది. ఏటా నెట్‌వర్క్ పాఠం రాగానే గాయత్రి పుస్తకం మూసి, డాలీ అక్క తనకు కబురు ఎలా అందించిందో కొత్త పిల్లలకు చెబుతుంది. గోడకు ఇవతల కూర్చున్న డాలీకి ఆ కథ అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది.