బాగుందంటే ఇచ్చేసే వదిన

మా ఊళ్ళో ఎవరింట్లోనైనా ఒక వస్తువును చూసి "బాగుంది" అనేముందు నాలుక కరుచుకోవాలి. అన్నామా, ఇచ్చేస్తారు. అది దువ్వెన కావచ్చు, లాంతరు కావచ్చు, పందిపిల్ల కావచ్చు. మెచ్చుకోవడమంటే మాకు మర్యాదగా అడగడమే. అడిగాక ఇవ్వకపోతే ఆ ఇంటికి పరువు తక్కువ. కొందరం కాస్త చెవుడు నటించి నెట్టుకొస్తాం గానీ, మా అన్న భార్య సైనిమేరేకు ఆ విద్య రాదు. ఆమె పెళ్ళయి వచ్చిన ఏడాదే నేను ఆమె చర్చి గౌను బాగుందన్నాను. మరుసటి ఆదివారం అది నా ఒంటిమీద ఉంది. ఆ సంగతి ఎత్తి ఇప్పటికీ నన్ను దెప్పుతుంది.

మా దీవిలోని బువా తీరంలో మొగలి ఆకుల చాప అల్లడంలో మా వదినను మించినవాళ్ళు లేరు. ఆడపడుచు నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి నమ్మొచ్చు. ఆకు కోసి, ముళ్ళు తీసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, గవ్వ అంచుతో గీకి మెత్తబరచాలి. నల్ల గీతల కోసం కొంత ఆకును బురదలో పాతిపెట్టాలి. ఆ తర్వాత అల్లిక, అంచుకు రంగురంగుల ఊలు కుచ్చులు. పెద్ద చాపకు రెండు నెలలు పడుతుంది. అన్న పోయాక ఆమెకు అదే బతుకుతెరువు. చాపలు భుజాన వేసుకుని లబాసా మార్కెట్‌కు వెళ్ళి రోజంతా నేల మీద కూర్చుంటే ఒకటి పోయేది, ఒక్కోసారి అదీ లేదు.

పోయినేడు ఆమె కొడుకు కెలెరాను పెళ్ళి చేసుకొచ్చాడు. ఆ పిల్ల నాందీ వైపు ఒక హోటల్లో ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టే పని చేసిందట. వచ్చిన నెలకే అత్త చాపల కోసం ఒక పేజీ తెరిచింది. మొదట నేను సాయం చేస్తానని చాపను చక్కగా చుట్టి తాడు కట్టి ఫోటోకు పెట్టాను. దుంగ అనుకున్నారేమో, ఒక్కరూ పలకలేదు. అప్పుడు కెలెరా చాపను చర్చి ముందు గడ్డిలో పరిచి, అత్తను అల్లుతూ కూర్చోమని వీడియో తీసింది. వదిన ముఖం చూపించనంటే చూపించనంది. చేతులు మాత్రమే తీయనిచ్చింది. "కాళ్ళు కడుక్కుని కూర్చో వదినా, సిడ్నీ దాకా కనిపిస్తాయి" అన్నాను నేను. కాళ్ళు గౌను కిందికి ముడుచుకుంది.

ఆ వీడియోను కెలెరా సాయంత్రం ఏడింటికి పెట్టింది. ఆక్లండ్‌లో, సిడ్నీలో మనవాళ్ళు పని నుంచి వచ్చి ఫోన్లు పట్టుకునే వేళ అదేనంది. మా ఊళ్ళో సిగ్నల్ చర్చి మెట్ల మీదే దొరుకుతుంది. మర్నాడు మేం ముగ్గురం అక్కడ కూర్చుంటే ఆ పిల్ల జనం రాసినవి ఒక్కొక్కటే చదివి వినిపించింది. బాగుంది, ఎంత బాగుందో, ఇంత అందమైన చాప ఎక్కడా చూడలేదు. నేను మురిసిపోయాను. వదిన మాత్రం వేళ్ళు మడుస్తూ వింది.

ఆ తర్వాత ఆమె బయట కనబడడం మానేసింది. పాటల సాధనకు రాలేదు, ఆడవాళ్ళందరం పోటు తీశాక పీతలకు వెళ్తే రాలేదు. పది రోజులు చూసి, ఏదైనా జబ్బేమోనని వెనక తలుపు నుంచి ఇంట్లోకి దూరాను. గదిలో మోకాళ్ళ ఎత్తున ఆకు. మూడు చిన్న చాపలు అయిపోయి ఉన్నాయి, నాలుగోది చేతిలో ఉంది. వేళ్ళ చివర్లు పగిలి గుడ్డ పీలికలు కట్టుకుంది.

"ఇన్ని ఎవరికే?" అన్నాను.

"ముప్పై ఒక్కరు బాగుందన్నారుగా వసెవా. కెలెరాకు చెప్పకు, అమ్మాల్సిన చాపలు ఊరికే ఇస్తున్నానని బాధపడుతుంది."

నాకు నవ్వు వచ్చింది, వెంటనే కళ్ళు చెమర్చాయి. చెప్పొద్దన్న మాట నా కడుపులో ఎప్పుడు ఆగింది గనుక? కెలెరా పరుగున వచ్చింది. వాళ్ళు అడగలేదని, ఫోన్‌లో ఆ మాట ఊరికే అంటారని ఎంత చెప్పినా వదిన తల ఊపలేదు. కావాలనిపించనిది బాగుందని ఎవరైనా ఎందుకంటారని ఆమె ప్రశ్న. చివరికి కెలెరా ఇంకెవరిదో పేజీ తీసి మంచు కప్పిన ఒక కొండ బొమ్మ చూపించింది.

"ఈ కొండ బాగుందని నాలుగు వేల మంది రాశారత్తయ్యా. ఊరివాళ్ళు కొండను ఇచ్చేస్తారా?"

వదిన కొండను చాలాసేపు చూసింది. తర్వాత నవ్వి, వేళ్ళకు కట్టిన పీలికలు విప్పుకుంది. బాగుందన్నవాళ్ళకు ఒక ఎర్ర గుండె గుర్తు పెడితే చాలని, నిజంగా కావలసినవాళ్ళు ధర అడుగుతారని కెలెరా నేర్పింది. అలాగే అడిగారు కూడా. మూడు నెలల్లో తొమ్మిది చాపలు వెళ్ళాయి, ఎక్కువగా పెళ్ళిళ్ళకు, చావులకు. అన్నిటికన్నా పెద్దదాన్ని ఆక్లండ్‌లో ఒక పెళ్ళికూతురి తల్లి ఖాయం చేసుకుంది. శుక్రవారం ఓడకు పంపాలి.

మంగళవారం మెట్ల మీద కెలెరా ఆ పెద్ద చాప కింద రాసినవి చదువుతూ, "లొసానా, నౌసోరి నుంచి. చాలా బాగుంది అంది" అని చదివి గుండె గుర్తు పెట్టి ముందుకు పోయింది. కొత్త కోడలు, పాపం, దానికేం తెలుసు. వదిన నా చేయి పట్టుకుంది. ఆ పట్టు ఇంకా గుర్తుంది.

లొసానా ఆమె చెల్లెలు, సముద్రం దాటి అవతలి దీవిలో ఉంటుంది. పదకొండేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళమ్మ పోయినప్పుడు, మా పద్ధతిలో శవం మీద కప్పి పూడ్చడానికి, లొసానా నౌసోరి నుంచి ఒక చాప తెచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో పగలంతా కుట్టే మనిషి, అల్లడానికి ఆకెక్కడిది, పొద్దెక్కడిది? మార్కెట్‌లో కొన్నది. అంచు చూడగానే తెలిసిపోయింది. వదిన దాన్ని చుట్టి, ఊరంతా చూస్తుండగా చెల్లెలి కాళ్ళ దగ్గర పెట్టి, అమ్మను కొన్న చాప కప్పి పంపేది లేదంది. లొసానా దాన్ని ఎత్తుకుని, అమ్మను పూడ్చకముందే బస్సెక్కింది. నేనూ అక్కడే ఉన్నాను. ఊరంత నోరున్నదాన్ని, ఆ రోజు మెదపలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

మర్నాడు పొద్దున్నే వదిన పెద్ద చాపను చుడుతుంటే కెలెరా అడ్డుపడింది. పెళ్ళివాళ్ళకు ఏం చెప్పను, మాట తప్పితే పేజీ పేరు పోతుంది, మళ్ళీ ఎవరు నమ్ముతారు అంది. అంత కష్టపడ్డ పిల్ల, ఆ కోపం న్యాయమే. "అయినా ఫోన్‌లో బాగుందంటే అడిగినట్టు కాదని మీరే ఒప్పుకున్నారుగా అత్తయ్యా."

"పరాయివాళ్ళ సంగతి అది" అంది వదిన. "మా ఇద్దరికీ ఆ మాట నేర్పింది ఒకే అమ్మ."

"ఆమె తిరిగిచ్చేస్తే?"

"మోసుకొస్తా. నాకు తగిందే."

కెలెరా ఫోన్ తీసుకుంది. మెట్ల మీదికి పోయి పెళ్ళివాళ్ళకు ఉన్నది ఉన్నట్టు రాసింది. పెళ్ళికి ఇంకా పది వారాలుంది కాబట్టి మరొకటి అల్లిస్తానంది. వాళ్ళ జవాబు వచ్చేలోపే నేనూ వదినా నంబౌవాలు రేవుకు ట్రక్కెక్కాం.

ఓడలో ఇంకో గండం. పక్కన కూర్చున్న ముసలామె చాప అంచు తడిమి, కుచ్చులు చూసి, నోరు తెరవబోయింది. వదిన ముఖం పాలిపోయింది. నేను గబుక్కున ఆ ముసలామె నోట్లో ఒక కర్రపెండలం ముక్క పెట్టినంత పని చేసి, తర్వాత నా దుప్పటి తీసి చాపకు చుట్టేశాను. లోకమంతా చూడాలని కోడలు మూడు నెలలు తిప్పలు పడితే, ఎవరి కంటా పడకుండా మేం దాన్ని నౌసోరి దాకా దాచుకుంటూ వెళ్ళాం.

బస్సు దిగేసరికి మధ్యాహ్నమైంది. లొసానా ఇల్లు రేకుల ఇల్లు, తలుపు తీసే ఉంది. వదిన లోపల అడుగు పెట్టలేదు. గుమ్మం బయట నేల మీద కూర్చుని, చాప ముందు పెట్టుకుని, తల వంచుకుంది. లోపల కుట్టుమిషన్ ఆగింది. లొసానా వచ్చి గుమ్మంలో నిలబడింది. జుట్టు సగం నెరిసిపోయింది.

వదిన నేలకే చెప్పింది: "అమ్మ పోయిన రోజు నేను చేసింది తప్పు. ఇప్పుడు నేనల్లిన చాపల్ని జనం కొనుక్కెళ్ళి వాళ్ళ అమ్మల మీద కప్పుతున్నారు. ఏ ఊళ్ళోనూ ఎవరూ వెనక్కివ్వలేదు. నేనొక్కదాన్నే ఇచ్చాను, అదీ నీకు. బాగుందన్నావని తెచ్చాను. తీసుకుంటే తీసుకో, లేదంటే నా కాళ్ళ దగ్గర పెట్టు."

లొసానా చాపను చూసింది. చేయి చాపలేదు.

"నేను చాప కోసం రాయలేదక్కా."

అయిపోయిందనుకున్నాను. వదిన భుజాలు కుంగిపోయాయి.

"మూడు నెలల నుంచి ఆ వీడియోలు చూస్తున్నాను" అంది లొసానా. "నీ చేతులే కనిపిస్తాయి, ముఖం చూపించరు. ఉన్నావో, ఎలా ఉన్నావో ఎవర్నడగను? బాగుందంటే నువ్వు ఇంట్లో కూర్చోలేవని నాకు తెలుసు. చాపను ఎవరితోనో పంపకుండా నువ్వే మోసుకొస్తావనీ తెలుసు. అందుకే రాశాను."

అని, మా పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు దొన్నెలా ముడిచి మూడుసార్లు చప్పట్లు కొట్టింది. తీసుకున్నానని దానర్థం. మూడో చప్పుడు సరిగ్గా పడలేదు. తర్వాత ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడ్చారు, ఏడుస్తూనే లోపలికి వెళ్ళారు. నేను దుప్పటి పట్టుకుని బయటే నిలబడి ఏడ్చాను. నన్ను లోపలికి రమ్మనాలని చాలాసేపటిదాకా ఇద్దరికీ గుర్తు రాలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.