మగపెళ్ళివారి షర్బత్

రోగం ఎలా పాకుతుందో నర్సింగు పిల్లలకు పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. విజయనగరంలో, ఫ్యాను సరిగ్గా తిరగని గదిలో, ఏటా ఒకే మాట చెబుతాను: జబ్బు చేసినవాళ్ళను అడిగితే సగం కథే తెలుస్తుంది, చెయ్యనివాళ్ళను కూడా అడగండి. పిల్లలు బుద్ధిగా తలలూపి, పరీక్షలో మొదటి సగమే రాసి వస్తారు. వాళ్ళననడం దేనికి? మా ఇంటి పెద్దలకు ఆ సగం కూడా రాదు.

మొన్న ఎండల్లో మా అన్నయ్య కూతురి పెళ్ళి శ్రీకూర్మం దగ్గర మా ఊళ్ళో జరిగింది. మగపెళ్ళివారిది సాలూరు, లారీల కుటుంబం. బస్సు ఆగగానే మర్యాదలు మొదలయ్యాయి. మావాళ్ళ దృష్టిలో దాహం కూడా రెండు రకాలు. ఆడపెళ్ళివారు కుండలో నీళ్ళు ముంచుకు తాగాలి. మగపెళ్ళివారికి మాత్రం గంగాళం నిండా షర్బత్, అందులో ఐసు గడ్డలు. ఆ ఐసు ఎక్కడిదో అప్పుడు నేనడగలేదు. పెళ్ళిలో పాఠాలు చెప్పే మనిషిని చూస్తే నాకే చిరాకు.

మర్నాడు మగపెళ్ళివారికి వరసపెట్టి వాంతులు, విరేచనాలు. పెళ్ళికూతుర్ని వదిలేసి బస్సెక్కి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా పెళ్ళికొడుకు తల్లి, పెదనాన్న మా అన్నయ్య ఇంటికి వచ్చారు. చదువుకున్నదాన్నని నన్నూ పిలిపించారు. ఆ పెదనాన్న రిటైరైన సైన్స్ మాస్టారు. గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు.

"మావోళ్ళు పడిపోనారు. మీవోళ్ళకేటీ అవ్వనేదు. అందరూ తిన్నాది ఒకే పనసపొట్టు కూర. మరి తేడా ఏటి? పిల్ల కాలు. ఆషాఢం దాటీదాకా పిల్లని ఇక్కడే ఉంచండి. తరవాత సూద్దాం."

ఆ 'తరవాత' ఎప్పటికీ రాదని మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. పెళ్ళయిన పిల్ల పుట్టింట్లోనే మిగిలిపోతుంది.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే సగం దాకా ఆయన చెప్పింది నా పాఠమే. పడ్డవాళ్ళనూ పడనివాళ్ళనూ పక్కపక్కన పెట్టాడు. ఇద్దరూ తిన్న కూరను వదిలేశాడు. తేడా ఎక్కడుందో వెతికాడు. సరిగ్గా అక్కడికొచ్చి బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టాడు, అదీ ఏళ్ళ తరబడి సూక్ష్మక్రిముల పాఠం చెప్పిన నోటితో.

మా అన్నయ్య తక్కువ తిన్నాడా? "అవును, మావోళ్ళకి ఒక్కలికీ ఏటీ అవ్వనేదు. మా వంట అలాటిది," అని మీసం దువ్వుకున్నాడు. కూతురి కాపురానికి తనే గొయ్యి తవ్వుతున్నాడని తెలియని మహానుభావుడు.

"మీకయిందా వదినగారూ?" అని పెళ్ళికొడుకు తల్లిని అడిగాను.

"నాకేటీ అవ్వనేదమ్మా."

"ఆవిడొక్కర్తీ ఒక లెక్కా?" అన్నాడు మాస్టారు.

"ఆవిడే లెక్క," అని ఆవిడ వైపే తిరిగాను. "షర్బత్ తాగారా?"

"నేదు. సల్లటిది తగిల్తే పన్ను జివ్వుమంటాది. కుండలో నీళ్ళే తాగినాను."

ఐసు ఎక్కడిదని అన్నయ్యను నిలదీశాను. "రేవు కాడ సేపల పెట్టిల్లో ఏసీదే. ఐసు ఐసే గదేటి?" అన్నాడు. చేపలకు వేసే ఐసు మనుషులకు పోసి, దానికి మర్యాద అని పేరు పెట్టారు.

మాస్టారు తగ్గలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "ఒక్క మడిసిని పట్టుకుంటే సరా? ఆ సర్బత్ తాగి పడిపోయినోళ్ళు మీ వైపు ఉంటే సూపించండి."

దొంగమాట కాదు, అడగాల్సిందే అడిగాడు. కానీ వియ్యాలవారి గంగాళంలో గ్లాసు ముంచే ధైర్యం మావాళ్ళలో ఎవరికుంది?

లోపలి గది తలుపు తెరుచుకుంది. పెళ్ళికూతురు గోడ పట్టుకుని నిలబడింది. కళ్ళు గుంటలు పడిపోయాయి. "లోపలికి ఎల్లు," అని మా వదిన గబుక్కున లేచింది.

"నాను తాగినాను అత్తా," అంది నాతో. "పీటల మీద ఆయన గ్లాసులో సగం నాకిచ్చినారు. మర్నాటి నుంచీ లేవనేకపోనాను. రోగిష్టి పిల్లని అంటగట్టినారంటారని అమ్మ సెప్పొద్దంది."

మావాళ్ళకేమీ కాలేదన్నప్పుడు అన్నయ్య ఈ పిల్లను లెక్కలో వేసుకోలేదు, మెడలో తాళి పడి పరాయిదైపోయింది కనుక. మావాళ్ళు పడిపోయారన్నప్పుడు మాస్టారూ వేసుకోలేదు, ఇంకా వాళ్ళ గుమ్మం తొక్కలేదు కనుక. ఎవరి కాలు మీద పంచాయితీ పెట్టారో ఆ మనిషి పక్కగదిలో పడుకుని ఉంటే, ఎలా ఉందని అడిగిన పెద్దమనిషి లేడు. కోపంతో నాకు ఏడుపొచ్చింది.

మాస్టారే ముందు తేరుకున్నాడు. "అయితే ఇంకేటి, పిల్లకీ అదే జబ్బు. దోషం నేదు. కారు ఎక్కించండి, ఇయ్యాలే తీసుకెల్తాం."

అన్నయ్య మొహం వెలిగిపోయింది. చీర సర్దమని వదినకు సైగ చేశాడు.

"నాను రాను," అంది పిల్ల. "వారం బట్టీ పడున్నాను. ఆయనకీ తెలుసు, నానూ తాగినానని. తన గ్లాసే కదా. ఒక్క ఫోన్ సెయ్యనేదు, మీకు ఒక్క ముక్క సెప్పనేదు. ముందు ఆయన్నిక్కడికి రమ్మనండి. నా కాలు మంచిది కాదని మీరంతా అంటన్నప్పుడు ఎందుకు మాటాడనేదో నాకు సెప్పాలి."

లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.