చాదస్తం మేస్త్రి ఇంటి తలుపు

ఊళ్లో సగం ఇళ్లకు తలుపులు బిగించిన మనిషి ఇంటికే ఏడాది పాటు తలుపు లేదంటే ఎవరు మాత్రం నవ్వకుండా ఉంటారు? వీధి వీధంతా నవ్వింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆయన వడ్రంగి. పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, చాదస్తం మేస్త్రి అంటేనే అందరికీ తెలుస్తుంది. గడపకూ తలుపుకూ మధ్య చీమ దూరే సందున్నా మొత్తం ఊడదీసి మళ్లీ మొదలుపెడతాడు. భార్య ఇంట్లోనే కూర్చుని బట్టల కంపెనీవాళ్ల చొక్కాలకు గుండీలు కుడుతుంది. ఉన్నది ఇద్దరే, ఆ రెండు గదుల ఇల్లే వాళ్లకు లోకం.

ఒక తెల్లవారుజామున పోలీసులు ఆ ఇంటి తలుపు పగలగొట్టుకుని లోపలికొచ్చారు. వాళ్లకు కావలసిన దొంగ వెనక సందులో, అదే నంబరున్న ఇంట్లో ఉన్నాడు. ఆ సంగతి తెలిసేలోపు మేస్త్రిని గోడకు నొక్కిపెట్టారు, ఆవిడను నేల మీద బోర్లా పడుకోబెట్టారు, కుట్టిన చొక్కాలన్నీ బూట్లతో తొక్కారు. తెలిశాక, "పొరపాటైంది, ఏమనుకోకండి" అని వెళ్లిపోయారు. బస్సులో కాలు తొక్కినవాడు కూడా అంతకన్నా ఎక్కువసేపు నొచ్చుకుంటాడు.

మేస్త్రి మాత్రం అనుకున్నాడు. గట్టిగానే అనుకున్నాడు. స్టేషనుకు వెళ్తే బల్ల చూపించి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. పై అధికారి దగ్గరకు వెళ్తే కింది అధికారిని కలవమన్నాడు. చివరికి ఒక లాయరమ్మ దొరికింది.

"దావా వేద్దాం. తప్పు జరిగిందని కోర్టు చేతే చెప్పిద్దాం," అందావిడ. "కానీ ఆ తలుపు ముట్టుకోవద్దు బాబాయ్. కోర్టు పంపిన మనిషి వచ్చి విరిగింది విరిగినట్టు చూడాలి. మీరు బాగుచేసుకున్నారంటే అసలు విరగనే లేదంటారు వాళ్లు."

ఆయనకు కావలసిందీ ఆ ఒక్క ముక్కే, తప్పు పోలీసులదని. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని వీధిలో ఇంకా గుసగుసలాడుకుంటున్నారు మరి. విరిగిన తలుపును అలాగే వేలాడనిచ్చి, గుమ్మానికి అడ్డంగా టార్పాలిన్ పట్టా కట్టాడు.

వాయిదా మీద వాయిదా పడింది. ఒకసారి అవతలి లాయరు రాలేదు, ఇంకోసారి జడ్జిగారు సెలవు. తలుపు చూడవలసిన మనిషి మీనమేషాలు లెక్కపెడుతూనే ఉన్నాడు. పక్కింటి బావ మాత్రం రోజూ తప్పకుండా వచ్చేవాడు.

"ఏం బావా, గాలి బాగా వస్తోందా? మా ఇంటిక్కూడా ఓ పట్టా కట్టిపెట్టవూ?"

"నవ్వు బావా, నవ్వు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు," అనేవాడు మేస్త్రి.

భార్య నవ్వలేదు, వద్దనీ అనలేదు. రాత్రిళ్లు పట్టాకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. అది గాలికి రెపరెపలాడితే చాలు, చప్పున లేచి నిలబడేది. "పడుకోవే" అంటే, "మీరు పడుకోండి, నాకు నిద్ర రావట్లేదు" అనేది. గుండీలు వంకరపోవడం మొదలైంది. కంపెనీవాళ్లు చొక్కాలు తిప్పి పంపారు. మేస్త్రి ఇదంతా చూశాడు. చూసి, కేసు తేలితే అన్నీ అవే సర్దుకుంటాయనుకున్నాడు. మొగుళ్లకు ఇలాంటివి భలే తోస్తాయి.

ఒక మధ్యాహ్నం ఆవిడ క్యారియరు పట్టుకుని ఆయన షెడ్డుకు వచ్చింది. బయట దుమ్ము రేగుతోందని మేస్త్రి షట్టరు దించి, మెషీను మీద చెక్క చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. పక్క వీధికి వినపడే చప్పుడు. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ పొట్టు బస్తాల మీద ఒరిగి, నోరు కాస్త తెరుచుకుని, ఒళ్లు తెలియని నిద్రలో ఉంది.

చెవులు చిల్లులుపడే ఆ మోతలో నిద్ర! షట్టరు దించి ఉంది కాబట్టి. తన మాట నెగ్గించుకోవడానికి ఇన్నాళ్లూ తను ఖర్చుపెట్టింది ఆవిడ నిద్రేనని మేస్త్రికి అప్పుడు తెలిసింది. మెషీను ఆపితే లేస్తుందేమోనని ఆపలేదు. సాయంత్రం దాకా ఆ చెక్కనే చిత్రిక పడుతూ నిలబడ్డాడు. ఎవరి టేబులు కోసమో తెచ్చిన దళసరి పలక కాస్తా అట్టముక్కలా తయారైంది.

ఆ వారంలోనే కొత్త తలుపు బిగించాడు. లోపల రెండు గడియలు పెట్టాడు. లాయరమ్మ తల పట్టుకుంది.

"నన్నొక్క మాట అడగొచ్చు కదా బాబాయ్! ఉన్న సాక్ష్యం చేజేతులా పోగొట్టుకున్నారు. ఓడిపోతే?"

"ఓడిపోతే ఓడిపోదాం తల్లీ. తలుపేసుకుని ఓడిపోదాం."

అనుకున్నట్టే అవతలి లాయరు ఆ తలుపు మీదే ఎగిరాడు. ఇంత గట్టి తలుపు ఉండగా విరిగిందంటారేమిటని దబాయించాడు. మేస్త్రి భార్య బోనులో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. నేల మీద పడుకుని ఉండగా తన ముఖం పక్కన ఆగిన బూట్ల గురించి చెప్పింది. ఎక్కడా మాట తడబడలేదు.

తీర్పు రోజున మేస్త్రి ఒక్కడే వెళ్లాడు. విరిగిన తలుపుకు రుజువు లేదని దాని ఊసు కొట్టేశారు. కానీ ఆ ఇంట్లోకి చొరబడటం ముమ్మాటికీ తప్పేనని, ఆ మాట పోలీసులు రాసి ఒప్పుకోవాలని జడ్జిగారు పైకి చదివారు. మేస్త్రి బస్సు కోసం కూడా ఆగలేదు. ఆవిడకు ఎలా చెప్పాలో దారి పొడుగునా వల్లె వేసుకుంటూ, రొప్పుతూ ఇల్లు చేరాడు.

లోపల రెండు గడియలూ వేసి ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే ఆవిడ మంచం మీద, చేతిలో చొక్కాతోనే, పట్టపగలు గాఢంగా నిద్రపోతోంది. తలుపు తట్టడానికి చెయ్యెత్తాడు. ఆ చప్పుడుకు ఆవిడ ఎలా ఉలిక్కిపడి లేస్తుందో ఆయనకు తెలుసు. చెయ్యి దించి, మెట్టు మీద కూర్చున్నాడు.

పక్కింటి బావ చూడనే చూశాడు.

"ఏం బావా, చెల్లెమ్మ బయటికి గెంటేసిందా? ఇంతకీ కేసేమైంది?"

"మెల్లగా మాట్లాడు, పడుకుంది. ముందు దానికి చెప్పాలి. అది లేచాక రా."