చేటలో తుపాకీ మందు

మొన్న ఎన్నికల ముందు మైకు కట్టిన ఆటో మా వీధిలోకి వచ్చి, లైసెన్సు తుపాకులున్నవారు వెంటనే స్టేషన్లో అప్పగించాలని చెప్పుకుంటూ పోతుంటే, చెవులు సరిగా వినపడని మావారు ఆ ఒక్క మాట మాత్రం విని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మా తుపాకీ పోయి ఎన్నేళ్లయిందో, అయినా నా గుండెల్లో అదే పాత దడ.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, కొల్లేటి ఒడ్డున మా ఊరి కూలీలంతా ఎర్రజెండా కింద సంఘం పెట్టుకుని ఒక చేపల చెరువు తవ్వుకున్నారండీ. దాన్ని కాజేయాలని పక్క ఊరి ఆసామి మనుషుల్ని పంపుతుండేవాడు గనుక, సంఘంవాళ్లే వంతులు వేసుకుని గట్టు కాసేవారు. అందరి చేతుల్లోనూ కర్రలే. మావారి చేతిలో మాత్రం, చేలో వాలే పిట్టల్ని బెదరగొట్టడానికి లైసెన్సు తీసుకున్న, మందు కూరి పేల్చే తుపాకీ ఉండేది. పేదవాడికీ తుపాకీ హక్కుంటేనే పెద్దవాడు మర్యాదగా మాట్లాడతాడని ఆయన మీటింగుల్లో అంటుంటే అందరూ చప్పట్లు కొట్టేవారు, ఇంట్లో నాకు ముద్ద దిగేది కాదు.

కొల్లేటి చెమ్మకు ఉప్పే నీరైపోతుంది, ఇక తుపాకీ మందు ఓ లెక్కా! అందుకని దాన్ని చేటలో పోసి వడియాల పక్కనే ఎండబెట్టేవాళ్లం. పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి పడుతుందేమోనని నా ప్రాణమంతా అక్కడే ఉండేది. ఆ ఎండబెట్టే పని మా అత్తగారిది. ఆసామి మనుషులు బయలుదేరారని కబురందిన పొద్దున, ఆవిడ ఎండిన మందు మీద కడవలో నీళ్లు చిలకరించి, చేత్తో కలిపి సీసాలోకి ఎత్తుతుంటే చూశాను.

"నోరు మెదపకమ్మా. ఇది పేలితే ఎవరో తల్లి కొడుకు పోతాడు. ఆ తర్వాత నా కొడుకుని మాత్రం నాకు ఉంచుతారా?" అన్నారావిడ.

చెబితే ఈయన హంతకుడవుతారు, చెప్పకపోతే ఉత్త గొట్టం పట్టుకుని కత్తులకు ఎదురెళతారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆ పూటే తెలిసింది. చెప్పకుండానే రోకలి పట్టుకుని ఆయన వెనకే గట్టు మీదికి బయలుదేరాను. ట్రాక్టరు దిగి వాళ్లు గట్టెక్కుతుంటే మావారు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కారు. టక్కుమంది, అంతే. ముందున్న మనిషి మాత్రం తనకు తగిలిందనుకుని కత్తి పారేసి బురదలో చతికిలబడ్డాడు. ఈలోగా ఆడవాళ్లమంతా రోకళ్లు పట్టుకుని ఉరికేసరికి, మిగతావాళ్లు అతన్ని అక్కడే వదిలేసి ట్రాక్టరెక్కి పోయారు. అతన్ని లేవదీసి ఇంటికి తీసుకొచ్చి గంజి పోసింది మా అత్తగారే. మందు మోసం చేసిందని మావారు చిందులు తొక్కుతుంటే, కొల్లేటి గాలి నాయనా అంటూ ఆవిడ సీసా కడిగేశారు.

ఇప్పుడు ఆవిడా లేరు, సంఘమూ లేదు. చెరువు చేతులు మారి మారి, మొహం తెలియని వాళ్లెవరిదో అయింది. గట్టు కాయడానికి మనుషులు కాదు, కెమెరాలున్నాయి. ఆ రోజు తుపాకీ పేలి ఉంటే చెరువు మనకే ఉండేదని, మైకు విన్న దగ్గర్నుంచి మావారు మళ్లీ మొదలుపెట్టారు. ఎవరితో అంటారా? ఆ బురదలో చతికిలబడ్డాయనతోనే! సంఘంలో చేరి ఇక్కడే ఉండిపోయాడు, రోజూ సాయంత్రం వచ్చి మా అరుగు మీద కాఫీ తాగుతాడు. నిజం నా నోటిదాకా వస్తుంది, ఈ వయసులో ఈయన తట్టుకుంటారో లేదోనని మింగేస్తాను.

"అవునన్నా, పేలుంటే బాగుండేది," అని అతను కూడా తలూపుతాడు.

నేను ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేస్తాను.