పెట్టె మీది బొమ్మలు

మొన్న శంషాబాద్ బస్టాండు దగ్గర సిగ్నల్ పడి బండి ఆపాను. ముందు ఆగిన డీసీఎం వ్యాను నుంచి పచ్చి చెక్క వాసన, దానితో కలిసి నల్లరంగులో పోసే థిన్నర్ ఘాటు గుప్పున కొట్టాయి. తలెత్తి చూడనవసరం లేదు, విమానం ఎక్కబోయే చెక్కపెట్టెలని తెలిసిపోయింది. పదకొండేళ్లు ఆ వాసనలోనే బతికాను. అది ముక్కుకు తగిలితే యాదగిరి మేస్త్రి గుర్తొస్తాడు. ఆయనతోపాటే ఒక ఆదివారం నేను చేసిన పని కూడా గుర్తొస్తుంది. రెండూ విడివిడిగా ఎప్పుడూ రావు.

విమానాశ్రయం కోసం పొలాలు పోయిన ఊళ్లలో ఒకదానికి చెందిన రైతు ఆయన. పొలం పోయాక రేకుల షెడ్డు వేసి, విమానాల్లో పంపే సరుకుకు పెట్టెలు చేయించడం మొదలుపెట్టాడు. వడ్రంగం నలభై దాటాక నేర్చుకున్నాడు. అందుకేనేమో, ప్రతి పనినీ ఇలాగే ఎందుకు చేయాలి అని అడిగేవాడు, మమ్మల్నీ అడగమనేవాడు. చదివింది ఐదో తరగతి. నుదుట బొట్టు, శనివారం ఉపవాసం. నేనేమో ఒక చిన్న ప్రార్థన మందిరంలో ఆదివారాలు బైబిల్ వాక్యం చెప్పేవాణ్ణి. ఆయన నన్ను ‘పాస్టరూ’ అని ఆటపట్టించేవాడు. కోపం వస్తే మాత్రం ‘సామేలూ’ అని పేరు పెట్టి పిలిచేవాడు.

పనిలో చేరిన మొదటి వారం నాకు ముద్రలు కొట్టే పని అప్పగించారు. రేకు అచ్చు ఆనించి పెట్టెల మీద గొడుగు బొమ్మ, గ్లాసు బొమ్మ, పైకి చూసే బాణాలు నల్లరంగుతో వేయాలి. సాయంత్రానికి నలభై గొడుగులు వేశాక ఉండబట్టలేక, “మేస్త్రీ, గిన్ని గొడుగులు ఏ దేశం పోతున్నయి?” అని అడిగాను. షెడ్డంతా నవ్వింది.

“గ్లాసు బొమ్మ గూడ ఉన్నది గదా. గొడుగు పట్టుకొని షర్బత్ తాగుతరనుకున్నవా?” అన్నాడాయన. ఆ తర్వాత దగ్గరికి వచ్చి, తడి ఆరని బొమ్మ పక్కన వేలు పెట్టి చూపించాడు. “లోపలున్నవి మిషను సామాన్లు. గీ బొమ్మ లోపల ఏమున్నదో చెప్పేతందుకు గాదు, మోసెటోనికి చెప్పేతందుకు. గొడుగుంటే వాన తగలనియ్యకు. గ్లాసుంటే పైలంగ దించు. బొమ్మ మాట్లాడేది నీతోని, పాస్టరూ.”

మరోసారి బాణాలు తలకిందులుగా కొట్టాను. ఎవరూ చూడకముందే దాని మీద చెక్కరంగు పూసి, సరైనవి పక్కన వేశాను. మేస్త్రి గోటితో గీకి చూసి, చిత్రిక పట్టే రంద నా చేతిలో పెట్టాడు. “రంగు మీద రంగు పూస్తే కిందిది పోతదా? ఒక్క వాన పడితె మళ్ల బయటకొస్తది. ముద్ర ఎంత లోతు దిగిందో గంత లోతు చెక్క తియ్యాలె” అన్నాడు. అందరూ చూస్తుండగా గంటసేపు చిత్రిక పట్టాను. ఆ రోజు నేను నేర్చుకున్నది చెక్కపని మాత్రమే అనుకున్నాను.

మా మందిరంలో కరుణ అనే అమ్మాయి ఉండేది. చిన్నప్పుడు ఆదివారం బడిలో నా దగ్గరే పాటలు నేర్చుకుంది. పెద్దయ్యాక విమానాశ్రయం లోపల ఒక అత్తర్ల దుకాణంలో ఉద్యోగం దొరికింది. ముదురు ఎరుపు కోటు, మెడకు ఊదారంగు స్కార్ఫు అక్కడి యూనిఫాం. ఆ ఏడు అందరికంటే బాగా అమ్మినందుకు దుకాణం వాళ్లు ఒక బంగారు రంగు కప్పు బహుమతిగా ఇచ్చారు. ఒక ఆదివారం మందిరంలో తల్లి రత్నమ్మ ఆ కప్పు పట్టుకుని నిలబడ్డ కూతురి ఫొటోను ఫోనులో అందరికీ చూపించి, కృతజ్ఞత ప్రార్థన చేయమని అడిగింది.

ఆ రోజు నేను చెప్పవలసింది బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో పదిహేడో అధ్యాయం. ఏడు తలల మృగం మీద ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది, ఆమెను ఆ గ్రంథం మహావేశ్య అంటుంది. ఊదా, ఎరుపు రంగు బట్టలు, చేతిలో బంగారు పాత్ర, దాని నిండా అపవిత్రమైనవి. చదువుతూ చదువుతూ ఆగి తలెత్తాను. “ఈ స్త్రీ ఎక్కడో లేదు, మన శంషాబాద్‌లోనే ఉన్నది. ఆ బట్టలు, ఆ పాత్ర ఇయ్యాల మీరు ఫోన్ల చూసిండ్రు” అన్నాను. తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. కరుణ లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది. రత్నమ్మ ఫోను ఒళ్లో బోర్లించి అలాగే కూర్చుంది. ఆరాధన అయ్యాక చాలామంది నా చేయి పట్టుకుని, కళ్లు తెరిపించావన్నారు. నేను పొంగిపోయాను.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం రత్నమ్మ షెడ్డుకు వచ్చింది. పేర్చిన పలకల పక్కన నిలబడి నెమ్మదిగా మాట్లాడింది. “సామేలయ్యా, మా ఇంటికి ప్రార్థనకు ఒక్కలొస్తలేరు. పిల్ల నౌకరి ఇడిసిపెడ్తనంటున్నది. ఇడిసిపెడ్తె దాని మీదికెల్లి ఆ మాట పోతదా? నువ్వే చెప్పు. పోతదంటె రేపే కాయితం రాసిస్తది.”

“ప్రార్థన చెయ్యి అక్కా” అన్నాను. అంతకంటే పిరికి మాట నా జీవితంలో అనలేదు.

ఆమె వెళ్లేదాకా మేస్త్రి పలక కొలుస్తున్నట్టే ఉన్నాడు. తర్వాత ఏం జరిగిందని అడిగి, చెప్పించుకుని, చాయ్ తెప్పించి, “గా ముచ్చట నాకు చదివినిపియ్యి, మొత్తం” అన్నాడు. టిఫిన్ సంచిలోంచి బైబిల్ తీసి చదివాను. మధ్యమధ్యలో ఆయన ఆపుతూ వచ్చాడు.

“గిండ్ల గొర్రెపిల్ల అన్నవ్, అదెవరు?”

“యేసు ప్రభువు.”

“ఆయనకు ఉన్ని ఉంటదా?”

“లేదు మేస్త్రీ, అది పోలిక.”

“మరి ఏడు తలకాయలు?”

“ఏడు కొండలని అండ్లనే దేవదూత చెప్తడు.”

“ఆమె కూసున్న నీళ్లు?”

“జనాలు.”

“తలకాయలు కొండలాయె, నీళ్లు జనాలాయె. ఈ ఆడామె ఒక్కతె రత్నమ్మ బిడ్డ ఎట్లయింది?”

నేను పుస్తకం మూయబోయాను. “ఇగ ఎంతున్నది?” అన్నాడు. ఒక్క వచనం ఉందన్నాను. చదవమన్నాడు. ఆ స్త్రీ రాజులను ఏలే మహాపట్టణమని ఆ అధ్యాయం చివరి వచనమే చెబుతుంది. “గిది ఆదివారం చదివినవా?” “లేదు.” “మర్చిపోయినవా, ఎరుకుండే ఇడిసిపెట్టినవా?” “ఎరుకుండే.”

ఇది దాచి లాభం లేదు. ఆ గ్రంథంలోని ప్రతి రూపాన్నీ అక్షరాలా నిజమని నమ్మే అమాయకుణ్ణి కాను నేను. ఎక్కడ బొమ్మ అనాలో, ఎక్కడ మనిషి అనాలో నాకు కావలసినట్టు మార్చుకున్నాను. చివరి వచనం చదివితే ఎవరి మీదా వేలు చూపలేను కాబట్టి ముందే పుస్తకం మూశాను. ఆ విమానాశ్రయంలో పని కోసం నేను మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ రాలేదు. నా దగ్గర పాటలు నేర్చుకున్న పిల్ల మెడలో గుర్తింపు కార్డు వేసుకుని నా ఎదుటే బస్సెక్కుతుంటే కడుపు మండేది. ఆ మంటనే వాక్యమని చెప్పాను. ఇదంతా మేస్త్రికి చెప్పాను.

ఆయన తిట్టలేదు. “బొమ్మ నీతోని మాట్లాడితె, నువ్వు దాన్ని పక్కింటి పిల్ల దిక్కు మలిపినవ్” అన్నాడు.

“సాయంత్రం వాళ్లింటికి పోయి మాఫీ అడుగుత మేస్త్రీ.”

“ముద్ర కొట్టింది యాభై మంది ముందట. తీసేది తలుపేసుకొనా, సామేలూ?”

ఆదివారం ఉదయం, నేను చెప్పబోయేది తెలిసి మా పెద్ద పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. “అయిందేదో అయిపోయింది, ఇప్పుడు కెలికితే మందిరం పరువు పోతుంది” అన్నారు. అయినా లేచి నిలబడ్డాను. అధ్యాయం మొదటి నుంచి చివరి వచనం దాకా చదివాను. తెలిసే ఆ చివరి వచనాన్ని వదిలేశానని, కరుణ మీద ఈర్ష్యతోనే ఆ మాట అన్నానని, ఆమెకూ ఆ స్త్రీకీ ఏ సంబంధమూ లేదని చెప్పాను. మేస్త్రి లోపలికి రాలేదు, కిటికీ బయట బండికి ఆనుకుని విన్నాడు. నేను బయటికి వచ్చాక, “తల్లి ఉండె, పిల్ల లేకపాయె గదా” అన్నాడు. మెచ్చుకోలు కోసం చూసిన నాకు దొరికింది అదే. ఆ తర్వాత రెండేళ్లు మందిరంలో నన్నెవరూ వాక్యం చెప్పమనలేదు.

కరుణ ఎదురుపడడానికి నాలుగు రోజులు పట్టింది. బస్టాపులో అదే ఎర్రకోటులో నిలబడి ఉంది. “తప్పు చేసిన చెల్లె” అన్నాను. ఆమె బస్సు వచ్చే దారి వైపే చూస్తూ మాట్లాడింది.

“అమ్మ చెప్పింది. మొత్తం చదివినవట గదా. నేను లేకుంటి. నాకు గూడ చదువు.”

“ఇక్కడనా?”

“నాకు డ్యూటీ ఉన్నదన్నా. జల్ది చదువు.”

బస్టాపులో జనం మధ్య నిలబడి ఆ అధ్యాయమంతా చదివాను. ఎరుపు, ఊదా, బంగారు పాత్ర అనే మాటలు వచ్చినచోట ఆమె కళ్లు దించుకోలేదు. చివరి వచనం విన్నాక, “గా పట్నం ఏదన్నా? మన హైదరాబాదా?” అని అడిగింది. ఇన్నేళ్ల ప్రసంగాల్లో విన్న పేర్లు అరడజను నాలుక మీదికి వచ్చాయి. మింగేసి, “నాకు తెల్వది చెల్లె” అన్నాను.

“గా మాట ఆ ఆదివారమే అంటే అయిపోవు గదా” అని బస్సెక్కింది.

ఆమె ఉద్యోగం మానలేదు. మా మందిరానికి మాత్రం మళ్లీ రాలేదు. తల్లినీ తీసుకుని అత్తాపూర్‌లో ఇంకో సంఘానికి పోతోంది. నన్ను క్షమించిందో లేదో అడిగే హక్కు నాకు లేదు. యాదగిరి మేస్త్రి పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నేను యువకులకు బైబిల్ తరగతి చెబుతున్నాను. ఏదో వీడియో చూసి వచ్చి, మృగం ఫలానా మనిషే కదా అన్నా అని అడుగుతారు. వాళ్లకు ఒక పేరు కావాలి. అధ్యాయం చివరిదాకా చదివిస్తాను, అది మనల్ని ఎలా నడుచుకోమంటోందో అడుగుతాను, పేరు మాత్రం తెలియదంటాను. కొందరు నవ్వుతారు, కొందరు మరుసటి వారం రారు. ఎవరూ మిగలకపోయినా సరే, తెలియని చోట తెలియదనే చెబుతాను.