పరామర్శకు వచ్చినవాళ్లు

చావు జరిగిన ఇంటికి వెళ్లి "ఎలా జరిగింది?" అని అడగకపోతే మనవాళ్లలో మర్యాద కాదు. ఈ మర్యాద కువైట్‌కి వీసా లేకుండానే వచ్చేసింది. రిగ్గైలో మా పక్క ఫ్లాటు అక్క ఇంటికి ఆ నెల వచ్చినవాళ్లందరూ మర్యాదస్తులే. ఇబ్బందల్లా ఒకటే, వాళ్లు అడిగేది ఎనిమిదేళ్ల పిల్లని.

పిల్ల తల్లిది కడప వైపు. ఇళ్లల్లో పనిచేసేది. మొగుడు కొట్టి, మెట్ల మీంచి తోసేశాడు. ఆమె ఆసుపత్రికి చేరేలోపే పోయింది, అతను జైలుకి పోయాడు. చూసింది పిల్ల ఒక్కతే. అక్కది కోనసీమ. పెళ్లికి ముందు అక్కడ పిల్లల సంక్షేమ శాఖలో పనిచేసింది కాబట్టి, దిక్కులేని పిల్ల ఎక్కడ కనబడినా ఇక్కడి తెలుగు సంఘం పెద్దలు ఆమెకే కబురు పెట్టేవారు. ఈ పిల్లనీ అలాగే వెళ్లి తెచ్చుకున్నాం. జీతం లేదు. కారు నాది, డ్రైవింగూ నాదే. కారులో ఏసీ కూడా స్వచ్ఛంద సేవే, బుద్ధి పుట్టినప్పుడు పనిచేసేది.

మొదట్లో వచ్చినవాళ్లందరికీ పిల్లే చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా. "అమ్మ చెప్పు ఒగటి పైనే ఉండిపాయె" అన్న చోట ఆడవాళ్లు భోరుమనేవారు. కొన్నాళ్లకి పిల్ల ఆ చెప్పు సంగతి మొదట్లోనే చెప్పేసేది. ఒకావిడ కళ్లు తడవకుండా వింటుంటే పిల్ల ఆగి, ఆమె ముఖంలోకి చూసి, "మళ్లా చెప్పాల్నా ఆంటీ?" అంది. ఆవిడ బిస్కెట్ పాకెట్ చేతిలో పెట్టింది. ఆ రాత్రి కూడా పిల్ల పక్క తడుపుకుంది.

మర్నాటి నుంచి అక్క గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. "పిల్ల నాకు చెప్పేసిందండి. ఇక ఎవరికి కావాలన్నా నన్నడగండి. దాన్ని అడగడానికి వీల్లేదు."

"మేమేమన్నా పరాయివాళ్లమా?" అని నొచ్చుకున్నారు. నొచ్చుకుంటూనే అడిగారు. అక్క ప్రతిసారీ మొదటినుంచీ చెప్పింది. పిల్ల లోపల అరబిక్ కార్టూన్లు చూసుకునేది. పక్క తడపడం తగ్గింది.

అక్కకి ఇంకోటి మొదలైంది. రెండో అంతస్తుకి కూడా లిఫ్టు కోసం నిలబడేది. లిఫ్టు పాడైన రోజు కారులోంచి దిగనే లేదు.

"మెట్లెక్కితే కేలరీలు ఖర్చవుతాయక్కా," అన్నాను.

"ఒరేయ్, మెట్టు మీద కాలు పెడితే ఆవిడ కనబడతందిరా."

ఆవిడ బతికుండగా అక్క ఒక్కసారి కూడా చూడలేదు. దీనికి నా దగ్గర జోకు లేదు. ఉన్నవి రెండూ ఏసీ మీదవి, అవే చెప్పాను.

ఇంతలో పిల్లను ఎవరితో ఊరికి పంపాలన్న తగువొచ్చింది. తల్లి చెల్లెలు ఇక్కడే సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పని చేస్తోంది. తను తీసుకెళ్తానని వాళ్ల మామాని, అంటే ఆ ఇంటి యజమానురాల్ని, బతిమాలి సెలవు సంపాదించింది. తండ్రి తమ్ముడు మాత్రం వదిన కాలుజారి పడిందనీ, పిల్ల తమ ఇంటిదనీ అన్నాడు. పిల్ల అక్కడికి వెళ్తే, తల్లి కాలుజారి పోయిందని రోజూ ఒప్పుకుంటూ పెరగాలి.

శుక్రవారం సంఘం పెద్దలు అక్క ఇంట్లో కూర్చున్నారు.

"పిల్లని పిల్చండి. దాని నోటితోనే చెప్పనీండి," అన్నాడు తమ్ముడు.

"ఒక్కసారే కదమ్మా," అన్నాడు పెద్దాయన. అక్క నోట ఆయన ఇదివరకే రెండుసార్లు విన్నాడు. రెండుసార్లూ కళ్లు తుడుచుకున్నాడు.

"నేను చెప్తానండి," అంది అక్క. నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ తెరిచింది. అయినా రాలేదు.

లోపల టీవీ ఆగిపోయింది. పిల్ల గుమ్మంలోకి వచ్చి, గౌను సర్దుకుని, చేతులు కట్టుకుంది. "చెప్పాల్నా?"

నేను పిల్లను లోపలికి పంపి, తలుపు మూసి, దానికి అడ్డంగా నిలబడ్డాను. "నేను చెప్తాను."

"నువ్వెవురు?" అన్నాడు తమ్ముడు.

"పక్క ఫ్లాటు. కారు నాది."

ఏదో తమాషా చేస్తాననుకుని ఒకాయన ముందే నవ్వేశాడు. అక్క నోట విన్నది విన్నట్టు చెప్పాను. చెప్పు సంగతి మాత్రం ఎత్తలేదు. ఎవరూ ఏడవలేదు. చివర్న తమ్ముణ్ణి, "వదిన కాలుజారితే మీ అన్న జైల్లో ఎందుకున్నాడన్నా?" అని అడిగాను.

"పిన్నమ్మతోనే పంపుదాం. ఖలాస్," అన్నాడు పెద్దాయన. టీలో పంచదార తక్కువైందని కూడా అన్నాడు.

మర్నాడు షాపుకి బయల్దేరి నేనూ లిఫ్టు దగ్గర నిలబడ్డాను. అక్క చూసింది. నవ్వలేదు. "ఇక నుంచి ఎవరొచ్చినా సగం మంది నీకు, సగం మంది నాకురా," అంది.

ఎయిర్‌పోర్టులో పిన్నమ్మకి అక్క అదే పాఠం చెప్పింది. "ఎవరడిగినా నువ్వే చెప్పు. అలిసిపోతే ఇంకొకళ్లని చెప్పమను. పిల్లని మాత్రం అడగనివ్వకు."

"మా ఊర్లో అడగకుంటే మనుషులే గాదంటారక్కా," అంది పిన్నమ్మ.

మర్నాడు ఫోన్ చేసింది. తీసుకెళ్లడానికి చుట్టాలు మద్రాసు దాకా జీపేసుకుని వచ్చారట.

"దిగీ దిగంగానే అడిగినారక్కా. పిల్ల జోలికి రానీలేదు. అందరికీ నేనే చెప్పినా." గొంతు బొంగురుపోయి ఉంది.

"ఇంకొకళ్లని చెప్పమనవే," అంది అక్క.

"ఇంగా ఊరే చేరలేదక్కా. జీపులోనే ఉండాము."